పనామా బంగారు కప్పలు ఒకటా, రెండా?

పోయిన నెల వెనుక అట్ట మీద పనామా దేశపు బంగారు కప్ప బొమ్మ, పక్కనే దాని దగ్గరి చుట్టం రంగుల కప్ప బొమ్మ వేశాం. రెండూ అంతరించిపోయే అంచున ఉన్నాయని కింద రెండే వాక్యాలు రాశాం. తిరుపతి, చిత్తూరు, మదనపల్లె, పలమనేరు పక్కల నుంచి వచ్చిన ఉత్తరాలు చూశాక ఆ రెండు వాక్యాలు చాలలేదని అర్థమైంది. అందుకే ఈ నెల జవాబులన్నీ వీటి గురించే. తికమక లేకుండా ముందే పేర్లు చెప్పేస్తాం: కింద 'బంగారు కప్ప' అంటే అటెలోపస్ జెటెకి, 'రంగుల కప్ప' అంటే అటెలోపస్ వేరియస్.

సార్, కాలేజీలో సెమినార్ ఉంది. ఈ రెండు కప్పల ఫొటోలు పక్కపక్కన పెట్టుకుని చూసినా తేడా తెలియడం లేదు. ఒకచోట జెటెకి అని వేసిన ఫొటోనే ఇంకోచోట వేరియస్ అని వేశారు. ఎట్లా గుర్తుపట్టాలి? (డిగ్రీ విద్యార్థిని, తిరుపతి)

రంగును నమ్ముకుంటే మాత్రం దెబ్బతింటారమ్మా. మీరు చూసిన ఫొటోల గందరగోళం కూడా అక్కడే మొదలైంది. మామూలుగా చెప్పేది ఏమిటంటే, బంగారు కప్ప ఒళ్ళంతా పసుపు. వీపు మీద నాలుగైదు నల్లమచ్చలు ఉంటే ఉంటాయి, లేకపోతే లేదు. రంగుల కప్ప నల్లటి ఒంటి మీద పసుపు, ఆకుపచ్చ, నారింజ, ఎరుపు పట్టీలతో ఉంటుంది. ఇంతవరకు నిజమే. కానీ రంగుల కప్పల్లో నలుపే లేకుండా పూర్తి పసుపుగా ఉండే గుంపులున్నాయి. బంగారు కప్పల్లో నల్లమచ్చలు దండిగా ఉన్నవీ ఉన్నాయి. ఫొటో ఒక్కటే చేతిలో పెట్టి పేరు చెప్పమంటే తెలిసినవాళ్ళు కూడా ముందు 'ఎక్కడ తీశారు?' అనే అడుగుతారు.

కాబట్టి మొదట చూడాల్సింది ఊరు. బంగారు కప్ప పనామాలో మాత్రమే, అదీ ఎల్ వాయే దె ఆంతోన్ అనే పట్టణం చుట్టుపక్కల కొండల్లో, సుమారు 335 నుంచి 1,315 మీటర్ల ఎత్తు మధ్య, చిన్న ముక్కలో ఉండేది. రంగుల కప్ప విస్తీర్ణం చాలా పెద్దది: మధ్య పనామా నుంచి పడమరగా కోస్టారికా దాకా. రెండోది సైజు. బంగారు కప్ప మగది 35 నుంచి 48 మిల్లీమీటర్లు, ఆడది 45 నుంచి 63. రంగుల కప్ప మగది 25 నుంచి 41, ఆడది 33 నుంచి 60. అంకెలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి చూశారా? అందుకే సైజు సాయం చేస్తుంది గానీ తీర్పు చెప్పలేదు. మూడోది విషం. బంగారు కప్ప చర్మంలో జెటెకిటాక్సిన్ అనే విషం ఉంది. దాని పూర్తి అణు నిర్మాణం 2004లో తేలింది.

సెమినార్‌లో తప్పకుండా చెప్పాల్సిన సంగతి ఇంకొకటి. బంగారు కప్పను 1933లో ఎమెట్ రీడ్ డన్ మొదట వర్ణించినప్పుడు దాన్ని వేరే జాతిగా చెప్పలేదు, రంగుల కప్పలోనే ఉపజాతి అన్నారు. వేరే జాతి హోదా తర్వాత వచ్చింది. 2007లో వచ్చిన జన్యు పరిశోధన, రంగు తేడాలకూ మైటోకాండ్రియా డీఎన్ఏ తేడాలకూ పొంతన కుదరడం లేదని చూపింది. అంటే ఈ రెంటి మధ్య గీత మన ఇంటి ప్రహరీ గోడంత గట్టిది కాదు, పొలం గట్టు లాంటిది. గట్టు ఉంది, కానీ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో అడుగు అడుగునా వాదన ఉంది. ఈ మాట దాచకుండా చెప్పండి. మార్కులు పోవు.

ఇవి కప్పలా, గోదురుకప్పలా? 'గోల్డెన్ టోడ్' అంతరించిపోయిందని చిన్నప్పుడు పాఠంలో చదివిన గుర్తు. ఇదేనా అది? (గృహిణి, చిత్తూరు)

కాదండి, అది వేరు. మీరు చదివింది కోస్టారికాలోని మోంతెవెర్దె కొండ మీది నారింజ రంగు గోదురుకప్ప. 1987లో 1,500 పైగా కనిపించాయి, 1988లో పది పదకొండు, 1989లో ఒక్కటి. ఆ తర్వాత ఎవరికీ కనబడలేదు. 2004లో అంతరించిపోయినట్టు ప్రకటించారు.

ఇప్పుడు మనం మాట్లాడుకునే రెండూ కూడా గోదురుకప్పల కుటుంబానివే. మన వాకిట్లో లైటు కింద పురుగుల కోసం కూర్చునే గోదురుకప్పకు దూరపు బంధువులు. కాకపోతే ఒంటి మీద పొక్కులుండవు, చర్మం నున్నగా ఉంటుంది, కాళ్ళు సన్నగా పొడుగ్గా ఉంటాయి. గెంతడం కంటే నడవడమే ఎక్కువ. పగలే తిరుగుతాయి. ఇంగ్లీషులో 'ఫ్రాగ్' అనీ, స్పానిష్‌లో 'రానా దొరాదా' అనీ పిలుపు అలవాటైపోయింది, అంతే. మోంతెవెర్దెలో ఆ నారింజ గోదురుకప్ప మాయమైన రోజుల్లోనే, 1988 ప్రాంతంలో, అక్కడి రంగుల కప్పలు కూడా మాయమయ్యాయి. రెండు కథలూ కలిసిపోవడానికి అదొక కారణం.

ఈ కప్ప చెయ్యి ఊపి పలకరిస్తుందని వీడియోలో చూశాం. నిజమా, ట్రిక్కా? (9వ తరగతి విద్యార్థులు, శ్రీకాళహస్తి)

నిజమే పిల్లలూ. మీరెప్పుడైనా తలకోన జలపాతం కింద నిలబడి పక్కవాళ్ళతో మాట్లాడి చూశారా? గొంతు చించుకున్నా వినబడదు, చేత్తో సైగ చేయాల్సిందే. ఈ కప్పలు బతికేదీ అలాంటి హోరు వాగుల ఒడ్డునే. పైగా వీటికి బయటి చెవి పొర గానీ మధ్య చెవి గానీ లేవు. సన్నగా కూస్తాయి, కొంత వింటాయి కూడా, కానీ నీళ్ళ హోరులో ఆ కూత ఎంతదూరం పోతుంది? అందుకే ముందుకాలు ఒకటి నేల నుంచి లేపి, అరచేతిని గుండ్రంగా ఒక చుట్టు తిప్పి మళ్ళీ దించుతుంది. కొన్నిసార్లు వెంటనే రెండో చెయ్యి. మగది ఇంకో మగదాన్ని చూసి 'ఈ రాయి నాది' అనడానికీ, ఆడది కనబడితే తానున్నానని చెప్పడానికీ ఈ సైగే.

మన దేశంలోనూ ఇలాంటివి ఉన్నాయి: పడమటి కనుమల వాగుల్లో మిక్రిక్సాలస్ జాతి కప్పలు వెనక కాలు చాచి ఊపుతాయి. 2014లో వాటిలో ఒకేసారి 14 కొత్త జాతులను వర్ణించారు. చుట్టరికం లేకపోయినా, హోరు ఒకటే కాబట్టి ఉపాయం కూడా ఒకటే వచ్చింది.

మా కుక్క గోదురుకప్పను నోట్లో పెట్టుకుంటే నురగ కక్కింది. ఈ బంగారు కప్ప విషం ఇంకా ఎక్కువ అంటున్నారే, పోలిక చెప్పండి. (పాడి రైతు, పలమనేరు)

ముందు కుక్క సంగతి. మళ్ళీ అలా జరిగితే తల కిందికి వంచి పట్టుకుని, నోటి పక్క నుంచి సన్నటి ధారగా నీళ్ళు వదులుతూ 5 నుంచి 10 నిమిషాలు కడగండి. నీళ్ళు గొంతులోకి కాకుండా బయటికి పోవాలి. గొంతులోకి పోతే విషమూ వెంట పోతుంది. చిగుళ్ళు, నాలుక తడిగుడ్డతో తుడవండి, ఆ గుడ్డను ప్రతిసారీ పిండి కడగండి. తూలడం, వణకడం, వాంతి ఆగకపోవడం ఉంటే ఆలస్యం చేయకుండా పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి.

మన గోదురుకప్ప విషం ముఖ్యంగా గుండె మీద పనిచేసే రకం. బంగారు కప్ప జెటెకిటాక్సిన్ దారి వేరు: నరాల్లో, కండరాల్లో సంకేతం నడవాలంటే సోడియం లోపలికి వెళ్ళే తలుపులు తెరుచుకోవాలి, ఈ విషం ఆ తలుపులనే మూసేస్తుంది. సముద్రపు నత్తగుల్లల విషంగా పేరుపడ్డ శాక్సిటాక్సిన్ జాతిదే ఇదీ, ఇంకా గట్టిది. రంగుల కప్పలో టెట్రోడోటాక్సిన్ అనే ఇంకో విషం దొరికింది. విచిత్రం ఏమిటంటే, గాజు పెట్టెలో పుట్టి పెరిగిన రంగుల కప్పల చర్మంలో ఆ టెట్రోడోటాక్సిన్ కనబడలేదు. అడవిలో దొరికేదేదో లేకపోతే ఆ కవచమూ లేదు. ఈ సంగతి గుర్తుంచుకోండి, కింది జవాబుల్లో మళ్ళీ పనికొస్తుంది.

రెండింటినీ చంపుతున్నది ఒకే రోగమైతే, ఒకటి అక్కడక్కడ మిగిలి ఇంకొకటి పూర్తిగా ఎందుకు పోయింది? (జువాలజీ లెక్చరర్, తిరుపతి)

ఉత్తరాలన్నిట్లో అసలు ప్రశ్న ఇదే.

రోగం పేరు కైట్రిడ్. కారణం బాట్రాకోకైట్రియం డెండ్రోబాటిడిస్ అనే శిలీంధ్రం, అంటే ఒక రకం బూజు. 1998లో గుర్తించి 1999లో పేరు పెట్టారు. దాని విత్తనాలకు తోక ఉంటుంది, నీళ్ళలో ఈది వచ్చి కప్ప చర్మానికి అంటుకుంటాయి. కప్పకు చర్మం అంటే ఒట్టి పైతోలు కాదు. నీళ్ళు తాగేదీ, ఉప్పులు సరిచూసుకునేదీ, కొంత ఊపిరి తీసేదీ దాంతోనే. చర్మం దెబ్బతింటే రక్తంలో సోడియం, పొటాషియం పడిపోయి చివరికి గుండె ఆగిపోతుంది. రోగం పట్టిన కప్ప ఎలా ఉంటుందంటే: పగటిపూట బయట ఊరికే కూర్చుని, కాళ్ళు ఒంటికి దూరంగా చాచి, పొట్ట నేలకు ఆనకుండా లేపి ఉంచుతుంది. చర్మం పొరలు పొరలుగా ఊడుతుంది. వెల్లకిలా తిప్పితే మళ్ళీ బోర్లా తిరగలేకపోతుంది. ఆ దశ వచ్చాక చాలా తక్కువ సమయమే ఉంటుంది.

ఈ బూజుకు 17 నుంచి 25 డిగ్రీల మధ్య చల్లదనం అంటే ప్రాణం. 28 దాటితే పెరుగుదల ఆగుతుంది. మబ్బు కమ్మిన కొండ అడవుల్లో ఏడాది పొడవునా ఉండేది సరిగ్గా ఆ చల్లదనమే. పనామాలో ఇది పడమర నుంచి తూర్పుకు అలలాగా నడిచింది: 1996 చివర్లో ఫోర్తూనా, 2004లో ఎల్ కోపె, 2006లో ఎల్ వాయే. ఎల్ కోపెలో ఉండేవి రంగుల కప్పలు, ఎల్ వాయేలో బంగారు కప్పలు. అల రెంటినీ సమానంగానే కొట్టింది.

తేడా ఎక్కడ వచ్చిందంటే, మా లెక్కలో మొదటిది నేల. బంగారు కప్పకు ఉన్నది ఒక్క చిన్న ముక్క, అదంతా చల్లటి కొండ. అల వచ్చి దాటిపోయేసరికి తప్పించుకునే మూల మిగల్లేదు. 2009 తర్వాత అడవిలో అది కనబడినట్టు నమ్మకమైన నమోదు లేదు. రంగుల కప్పకు రెండు దేశాలు, ఎన్నో లోయలు, ఎత్తు తక్కువ ఉన్న వెచ్చటి వాగులు కూడా ఉన్నాయి. కోస్టారికాలో 1996 నాటికి పూర్తిగా పోయిందనుకున్నారు. 2003లో కేపోస్ దగ్గరి కొండల్లో మళ్ళీ దొరికింది. పడమటి పనామాలోనూ కొన్ని వాగుల్లో మిగిలింది.

రెండోది చర్మం. 2018లో సైన్స్ పత్రికలో వచ్చిన పరిశోధనలో పనామాలో కొన్ని జాతులు మెల్లగా కోలుకోవడం కనబడింది, వాటిలో రంగుల కప్ప ఒకటి. బూజు బలహీనపడిందా అని చూస్తే లేదు, పాత నమూనా ఎంత చంపేదో కొత్తదీ అంతే చంపుతోంది. మారింది కప్పే. రోగాన్ని దాటి అడవిలో మిగిలిన రంగుల కప్పల చర్మస్రావం బూజును ఆపుతోంది. రోగం రాకముందే పట్టుకొచ్చి లోపల పెంచిన కప్పల సంతతి స్రావం అంతగా ఆపడం లేదు.

బంగారు కప్ప విషయంలో బాధ కలిగించేది ఇదే. దాని రోగనిరోధక వ్యవస్థ చేతులు ముడుచుకుని కూర్చోవడం లేదు. 2014లో జన్యువుల పనితీరు చూస్తే బలంగానే ఎదురుతిరుగుతోంది. కానీ ఆ బూజు, రక్షణ కణాలు పెరగకుండా అణచివేస్తోంది. పైగా రోగం పట్టిన బంగారు కప్ప ఒంటి నుంచి విత్తనాలు విపరీతంగా రాలతాయి. ఒక్కటి వాగులోకి దిగితే మొత్తం వాగుకే ముప్పు.

రెండూ దాదాపు ఒకటే అంటున్నారు గదా, బతికి ఉన్న రంగుల కప్పలను తెచ్చి బంగారు కప్పల వాగుల్లో వదిలితే సరిపోదా? లేకపోతే రెంటినీ కలిపి పెంచితే? (రిటైర్డ్ ఫారెస్ట్ ఉద్యోగి, భాకరాపేట)

ఇలా ఆలోచించినవాళ్ళు శాస్త్రవేత్తల్లోనూ ఉన్నారు. 2020లో వచ్చిన జన్యు పరిశోధన ఒకటి, ఈ గుంపుల మధ్య జన్యు సహాయం, అంటే ఒకదాని జన్యువులు ఇంకోదానికి చేర్చి బలం ఇవ్వడం, పనికొచ్చే అవకాశం ఉందనే చెప్పింది. కానీ ఇప్పుడే కలిపేయడం తొందరపాటు అని మా అభిప్రాయం. కలపడం ఒక రోజు పని. మళ్ళీ విడదీయడం ఎవరి వల్లా కాదు. జెటెకిటాక్సిన్ ఒక్కటి చాలు, పోతే మళ్ళీ దొరకని సరుకు అని చెప్పడానికి. అందుకే రక్షణ కేంద్రాల్లో ఏ వాగు నుంచి తెచ్చిన కప్పలను ఆ వాగు పేరుతోనే, వేరు వేరు వరసలుగా పెంచుతున్నారు.

ఇంకో కారణం అనుభవం నేర్పింది. 2018 జనవరిలో పనామాలోని కొలోన్ రాష్ట్రంలో సుమారు 500 రంగుల కప్పలను అడవిలో వదిలారు. కొన్నిటికి బుల్లి రేడియో ట్రాన్స్‌మిటర్లు కట్టి వెంట తిరిగారు. ముందుగా రంగుల కప్పతో పరీక్షించి, నేర్చుకున్నది బంగారు కప్పకు వాడాలన్నది వరస. పెట్టెలో పెరిగినదానికి అడవి విషం లేదు, అడవి సూక్ష్మజీవులు చర్మం మీద లేవు, పాములను చూసిన అలవాటు లేదు. అందుకే కొన్ని ప్రయత్నాల్లో వాటిని నేరుగా వదలకుండా, వాగు ఒడ్డునే ఆకులు పరిచిన జల్లెడ పెట్టెల్లో కొన్ని వారాలు ఉంచి చూస్తున్నారు.

మన తిరుపతి జూలో వీటిని పెంచొచ్చా? పెంపకంలో ఏమేం కావాలి? (సైన్స్ టీచర్, చిత్తూరు)

కావాలంటే చల్లటి గది కావాలి. పెట్టెలో 20 నుంచి 23 డిగ్రీలు. మే నెలలో 40 దాటే మన ఊళ్ళో రెండు గంటలు కరెంటు పోయి ఏసీ ఆగితే చాలు, పని అయిపోతుంది. నీరు పారుతూ ఉండాలి, రాళ్ళ కింద గుడ్లు పెట్టే చోటు ఉండాలి. గుడ్లు తెల్లగా దారంలా వరసగా పెడుతుంది; వెలుతురు తగలకూడదు. తోకకప్పలకు పొట్ట కింద అతుక్కునే గిన్నె ఉంటుంది, దాంతో రాయిని పట్టుకుని పాచి గీకి తింటాయి. పెంపకంలో స్పైరులినా పొడిని నీళ్ళలో కలిపి పలకల మీద పూసి, ఆరబెట్టి, ఆ పలకలను నీళ్ళలో పెడతారు. పిల్లకప్పలు మొదట్లో నల్లమచ్చలతో ఆకుపచ్చగా ఉంటాయి, పాచిలో కనబడవు. బంగారు రంగు ఆ తర్వాతే. వాటికి నలుసంత స్ప్రింగ్‌టెయిల్ పురుగులు, కాస్త పెద్దవైతే పండు ఈగలు, చిన్న ఇలకోళ్ళు, పైన క్యాల్షియం, విటమిన్ పొడి చల్లి.

ఎక్కువగా చెడేది కాళ్ళ దగ్గర. తోకకప్ప కప్పగా మారేటప్పుడు ముందుకాళ్ళు పుల్లల్లా సన్నగా, మడతపడకుండా వస్తాయి. అలాంటిది నిలబడలేదు, తినలేదు, చచ్చిపోతుంది. రంగుల కప్పలో దీనికి నీళ్ళలోని క్యాల్షియం, ఫాస్ఫేట్ పాళ్ళతో సంబంధం ఉందని 2020లో తేలింది. అంటే కాళ్ళు పాడవడం చూసి మేత మార్చడం కాదు, గుడ్లు పొదిగే ముందే నీటి పరీక్ష చేయాలి. ఫిల్టర్ మరీ శుభ్రం చేసిన ఉప్పు లేని నీళ్ళు మంచివని అనుకోవడమే ఇక్కడ పొరపాటు.

కొత్తగా వచ్చిన ప్రతి కప్పనూ విడిగా ఉంచి పరీక్షించాలి. తడిపిన, పౌడర్ లేని గ్లవ్స్ వేసుకుని, ఒక్కో కప్పకు ఒక్కో జత. రెండు వేళ్ళ మధ్య నడుము దగ్గర మెత్తగా పట్టుకుని, పొట్ట మీద, తొడల లోపలి పక్క, వేళ్ళ మధ్య పొర మీద ఒక్కోచోట ఐదేసిసార్లు దూదిపుల్లతో రాసి ల్యాబుకు పంపుతారు. బూజు ఉంటే 0.01 శాతం ఇట్రాకొనజోల్ ద్రావణంలో రోజుకు 5 నిమిషాలు, 11 రోజులు ముంచడం పాత పద్ధతి. తర్వాత ఇంకా పలచటి మందు, తక్కువ రోజులు చాలని తేలింది. వేడి పెట్టి బూజు చంపే పద్ధతి కొన్ని కప్పలకు పనికొస్తుంది గానీ వీటికి కాదు. చల్లటి కొండ ప్రాణి, బూజు కంటే ముందు అదే పోతుంది. చర్మం మీద మంచి బాక్టీరియా పూసి కాపాడాలని బంగారు కప్ప మీద చేసిన ప్రయత్నం కూడా నిలవలేదు. కొన్ని వారాల్లో ఆ బాక్టీరియా మాయమైంది.

షాపులో 'గోల్డెన్ కప్ప' కావాలని పిల్లలు అడుగుతున్నారు. తెప్పించొచ్చా? (ఆక్వేరియం షాపు యజమాని, తిరుపతి)

వద్దండి. బంగారు కప్ప సైటీస్ (అంతరించిపోయే జీవుల వ్యాపారం మీద దేశాల మధ్య ఒప్పందం) మొదటి అనుబంధంలో ఉంది, వ్యాపారం నిషేధం. 2022 సవరణ తర్వాత మన వన్యప్రాణి చట్టంలోనూ సైటీస్ జాతులకు వేరే షెడ్యూల్ ఉంది. ఆ పేరుతో ఎవరైనా సరుకు పంపుతామంటే అది ఇంకేదో కప్ప. తెల్లగా, లేత పసుపుగా ఉండి ఎప్పుడూ నీళ్ళలోనే ఉండే కప్ప అయితే చాలావరకు ఆఫ్రికా పంజా కప్ప. తనకు రోగం కనబడకుండానే కైట్రిడ్‌ను మోయగలదు అది. ఇప్పటికే మీ దగ్గర ఉంటే, దాని తొట్టి నీళ్ళు కాలవలో, చెరువులో పోయొద్దు. నీటికి దూరంగా ఎండ పడే వట్టి నేల మీద పోసి పూర్తిగా ఆరనివ్వండి. వల, బకెట్టు వేరేవాటికి వాడొద్దు. పెంచలేమని కపిలతీర్థంలోనో చెరువులోనో వదిలేవాళ్ళు ఉంటారు, వాళ్ళకు గట్టిగా చెప్పండి.

శేషాచలం అడవిలో ట్రెక్కింగ్‌కు పోతుంటాం. ఆ బూజు మన దగ్గర ఉందా? మేమేం చేయాలి? (ట్రెక్కింగ్ బృందం, మదనపల్లె)

మన దేశంలో పడమటి కనుమల కప్పల మీద కైట్రిడ్ దొరికింది, కానీ పనామాలో లాగా గుట్టలుగా చచ్చిన దాఖలా లేదు. 2018 నాటి జన్యు పరిశోధన ఆ బూజు మూలం తూర్పు ఆసియా, కొరియా పక్క అని చూపింది. మన కప్పలకు పాత పరిచయం కావచ్చు. అయినా పడమటి కనుమల వాగుల్లో తిరిగిన అదే బూట్లతో నేరుగా తలకోన వాగులో దిగొద్దు. కొత్త రకం బూజును మోసుకొచ్చే దారి అదే.

చేయాల్సింది పెద్ద పనేం కాదు. ముందు బురద మొత్తం బ్రష్‌తో పోవాలి. బురద మిగిలితే ఏ మందూ లోపలికి పోదు. తర్వాత ఎండ. 37 డిగ్రీల్లో 4 గంటలు ఉంటే ఈ బూజు చస్తుంది, పూర్తిగా 3 గంటలు పొడిగా ఆరినా చస్తుంది. మన ఎండాకాలంలో మిద్దె మీద పెడితే చాలు. వానాకాలంలో అయితే 70 శాతం స్పిరిట్‌తో అడుగు, కుట్లు, లేసులు తడపండి. బ్లీచ్ వాడేటట్టయితే అంగట్లో దొరికే 4 శాతం ద్రావణం ఒక గ్లాసుకు మూడు గ్లాసుల నీళ్ళు కలపండి. అది కూడా వాగు దగ్గర కాదు, ఇంటి దగ్గర. ఆ నీళ్ళు వాగులో కలిస్తే కప్పలకు బూజు అక్కర్లేదు, బ్లీచే చంపుతుంది.

వాగులో కప్ప కనబడితే చేత్తో పట్టుకోవద్దు. దోమల క్రీము, సన్‌స్క్రీన్ రాసుకున్న చేయి దాని చర్మానికి విషం. ఫొటో తీసి, తేదీ, చోటు రాసిపెట్టుకోండి. ఒకేచోట రెండు మూడు కప్పలు చచ్చి కనిపిస్తే ముట్టుకోకుండా అటవీ శాఖ వాళ్ళకు అదే రోజు చెప్పండి. కప్ప శవం ఎండలో ఒక్క పూటలో కుళ్ళిపోతుంది, ఆ తర్వాత పరీక్షకు పనికిరాదు.